షెడ్డులో ఇల్లు: మిగిలిన 8 వారాల్లో ఎంత కట్టాలి?

ప్రశ్న: వాడుకలో లేని పాత వర్క్‌షాపు షెడ్డు ఒకటి మాకు నివాసానికి దొరికింది. పొడవు 10 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు. ఇటుక గోడలు, ఇనుప రేకుల కప్పు, సిమెంటు గచ్చు. రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టే చలి మొదలుకావడానికి ఇంకా 8 వారాలు ఉంది. నేనూ నా భార్యా సొంత చేతులతోనే దీన్ని ఇల్లుగా మార్చుకోవాలనుకుంటున్నాం. గోడలకు, రేకుల అడుగున థర్మోకోల్ పలకలు అతికించి, మధ్యలో కట్టెల పొయ్యి పెట్టి, పడకగది, వంటగది, స్నానాల గది విడదీసుకోవాలని ఆలోచన. వడ్రంగం పని కొంత వచ్చు. ఈ పద్ధతి సరైనదేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: కొలతలన్నీ రాసి పంపినందుకు ముందుగా కృతజ్ఞతలు. వాటి వల్లే మీకు కచ్చితమైన సమాధానం చెప్పగలుగుతున్నాను. మీ పద్ధతిని మార్చుకోమనే నా సలహా. ఈ చలికాలానికి షెడ్డును ఇల్లుగా మార్చే ప్రయత్నం మానుకొని, షెడ్డు లోపల దాని గోడలకూ కప్పుకూ తగలకుండా, తన కాళ్ల మీద తాను నిలబడే ఒకే ఒక చిన్న గది కట్టుకోండి. మీరిద్దరూ పడుకోవడానికి, కూర్చుని పని చేసుకోవడానికి సరిపోతే చాలు. వంటగది, స్నానాల గది చలి తగ్గాక చూసుకోవచ్చు. గది ఎంత ఉండాలో తేల్చవలసింది మీ కోరిక కాదు, చేతిలో ఉన్న వారాలు. సగం పూర్తయిన మూడు గదులు చలిని ఆపలేవు, చివరి అతుకు దాకా పూర్తయిన ఒక్క గది ఆపగలదు.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. మీ షెడ్డు నాలుగు గోడలు, కప్పు, నేల కలిపితే సుమారు 248 చదరపు మీటర్లు. అంత వైశాల్యం నుంచి వేడి బయటికి పోతూనే ఉంటుంది కాబట్టి, అంతటికీ ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర, వేయాలి, దాని ప్రతి అతుకునూ మూయాలి. అదే 3.6 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు ఉన్న గదికి ఆరు ముఖాలూ కలిపి 44 చదరపు మీటర్లకు మించదు. ఖర్చు, శ్రమ, వేడి నష్టం, పొరపాటు జరగడానికి అవకాశం అన్నీ అయిదో వంతు కంటే తగ్గుతాయి. పైగా వానను, గాలిని, మంచును ఆపే పని షెడ్డే చేస్తుంది కనుక, లోపలి గది గోడలు తేలికపాటి చెక్క చట్రంతో సరిపోతాయి. ఆరుబయట కట్టే ఇంటికి లేని సౌకర్యం ఇది. పాత గోదాములోనో షెడ్డులోనో ఇల్లు చేసుకునేవారు చాలామంది దీన్ని గుర్తించక, బయటి గోడలతోనే కుస్తీ పట్టి చలికాలం వచ్చేసరికి అలసిపోతారు.

10 సెంటీమీటర్ల మందం రాతి ఉన్ని గానీ గాజు ఉన్ని గానీ (రాయిని, గాజును కరిగించి తీసిన పోగుల పలకలు) నింపిన గోడల నుంచి, తలుపూ కిటికీతో సహా, లోపలికీ షెడ్డుకూ మధ్య 20 డిగ్రీల తేడా ఉన్నప్పుడు మీ గది దాదాపు 470 వాట్ల వేడిని కోల్పోతుంది. ఇద్దరు మనుషులకు కావలసిన తాజా గాలిని వేడి చేయడానికి మరో 330 వాట్లు అవుతాయి. మొత్తం 800 వాట్లు. కదలకుండా కూర్చున్న మనిషి శరీరమే సుమారు 100 వాట్ల వేడి ఇస్తుంది. అంటే 1,000 నుంచి 1,500 వాట్ల మామూలు విద్యుత్ హీటర్‌తో మీ చలికాలం గడిచిపోతుంది. ఇన్సులేషన్ లేని రేకు గోడలతో ఇదే పరిమాణంలో గది కట్టి ఉంటే 4 కిలోవాట్లకు పైగా కావలసి వచ్చేది.

ఆ 2.4, 3.6 అంకెలు ఊరికే రాలేదు. ప్లైవుడ్, జిప్సమ్ బోర్డు సాధారణంగా 1.2 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల పొడవుతో వస్తాయి కాబట్టి, ఈ కొలతకు నేల మీద మూడు షీట్లు దాదాపు కోత లేకుండా పరుచుకుంటాయి. కోతలు తగ్గితే రోజులు మిగులుతాయి, అతుకులూ తగ్గుతాయి. గదికీ షెడ్డు గోడకూ మధ్య అన్ని వైపులా కనీసం 50 సెంటీమీటర్లు, అంటే మనిషి పక్కకు తిరిగి నడవగలిగినంత ఖాళీ వదలండి. ఇటుక గోడలో చెమ్మ దిగినా, ఎలుక దారి చేసుకున్నా కంటికి కనిపించేది ఆ ఖాళీలోనే.

ఇక పని క్రమం. చలిలో చేయలేని పనులన్నీ ముందు, చలిలోనూ చేయగలిగినవి తరువాత అన్నది ఒక్కటే సూత్రం. సిమెంటు, మోర్టారు గట్టిపడటం 5 డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో బాగా మందగిస్తుంది, పూర్తిగా గట్టిపడక ముందే గడ్డకట్టిన కాంక్రీటు బలం కోల్పోతుంది. సందులు నింపే ఫోము, సీలెంటు, జిగురు టేపు కూడా చల్లని, తడి, దుమ్ము పట్టిన ఉపరితలాల మీద సరిగా పట్టవు. కాబట్టి మొదటి రెండు వారాలు లోపలి గది జోలికి వెళ్లకండి. రేకుల చిల్లులు, వదులైన స్క్రూలు, కారే అతుకులు సరిచేయండి. కప్పు మీది నీరు గోడ మొదట్లో పడకుండా దూరంగా పోయే ఏర్పాటు చేయండి. గచ్చు పగుళ్లు పూడ్చండి. లోపలి గది ఎంత చక్కగా కట్టినా, కారే కప్పు కింద అది నిలవదు.

శుభ్రం చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. మీ కప్పు ఇనుప రేకులదే అయినా, పాత షెడ్డులో గొట్టాలు, పలకలు, చూరు దగ్గరి రేకులు ఆస్‌బెస్టాస్ సిమెంటువి కావచ్చు. అలా అనుమానం కలిగితే వాటిని విరగ్గొట్టవద్దు, రంధ్రాలు వేయవద్దు, పొడి చీపురుతో ఊడ్చవద్దు. వాటి నారపోగులు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్‌కు దారితీస్తాయి. పరీక్ష చేయించి, తెలిసినవారి చేతే తీయించండి. అలాగే పావురాల, గబ్బిలాల రెట్ట, ఎలుకల పెంటికలు ఉన్నచోట ముందు నీళ్లు చల్లి బాగా తడిపి, మంచి మాస్కు పెట్టుకొని ఎత్తాలి. ఆ దుమ్ము పీలిస్తే వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు తేలికైనవి కావు.

నేల సంగతి. పారదర్శకమైన పాలిథిన్ ముక్కను 45 సెంటీమీటర్ల చదరంగా కోసి, నాలుగు అంచులూ టేపుతో గచ్చుకు అంటించి, ఒక రోజు తరువాత చూడండి. అడుగున నీటి బిందువులు కనిపించినా, గచ్చు రంగు ముదిరినా నేల నుంచి తేమ వస్తున్నట్టే. కొద్దిపాటి తేమైతే పాలిథిన్ పట్టా ఆపగలదు. నీరు ఊరుతుంటే మాత్రం బయటి మురుగు సరిచేయకుండా ముందుకు పోవద్దు. పట్టా మీద గది అంచుల వెంట, ఆ తరువాత 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, చెదలు పట్టకుండా శుద్ధి చేసిన చెక్క రీపర్లు పరిచి, వాటి మధ్య 5 సెంటీమీటర్ల ఎక్స్‌పీఎస్ (థర్మోకోల్ జాతిదే, కానీ గట్టిగా ఉండే) ఫోము పలకలు ఖాళీ లేకుండా అమర్చి, పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిగించండి. నేల నుంచి పోయే వేడిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. హీటర్ వెలుగుతున్నా పాదాలు చల్లగానే ఉండి నిద్ర పట్టకపోవడానికి కారణం చాలాసార్లు ఆ నిర్లక్ష్యమే.

గోడల చట్రానికి 10 సెంటీమీటర్ల లోతున్న నిలువు చెక్కలను 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున నిలపండి. ఉన్ని పలకలు 60 సెంటీమీటర్ల వెడల్పుతో వస్తే, వాటిని చెక్కల మధ్య ఖాళీ కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ వెడల్పుగా కోసి దూర్చండి. నొక్కి కూరవద్దు, వదులుగా వేలాడనీయవద్దు. చట్రం పక్కకు ఒరగకుండా బయటి వైపు ప్లైవుడ్‌ను మూలల్లో మాత్రమే బిగించి, మిగతా గోడను ఆవిరిని వదిలే పొరతో కప్పాలి, దాని సంగతి కింద చెబుతాను. షెడ్డు కప్పు నుంచి లోపలి గదిని వేలాడదీయవద్దు. గది కప్పు మీద సామాను పేర్చాలన్న ఆలోచన ఉంటే దూలాలు ఆ బరువుకు తగ్గట్టు ఉండాలి. లేకపోతే ఆ ఆలోచన విరమించుకోవడమే మంచిది.

అన్నిటికంటే జాగ్రత్తగా చేయవలసిన పని తేమను అడ్డుకోవడం, అందుకే దీన్ని కాస్త విస్తరించి చెబుతాను. 20 డిగ్రీల వెచ్చని గాలి ఘనపు మీటరుకు సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. అదే గాలి 0 డిగ్రీలకు చల్లబడితే 5 గ్రాములకు మించి పట్టుకోలేదు. మిగిలిన ఆవిరి నీరుగా మారుతుంది. ఇద్దరు మనుషులు ఒక రాత్రి నిద్రలో ఊపిరి ద్వారా, చర్మం ద్వారా అర లీటరుకు పైగా నీటిని గది గాలిలోకి వదులుతారు. ఆ గాలి గోడలోని సందుల ద్వారా ఉన్నిలోకి పోతే, చల్లని బయటి అంచు దగ్గర నీరుగా మారి ఉన్నిని, చెక్కను తడుపుతుంది. తడిసిన ఉన్ని వేడిని ఆపలేదు, తడి చెక్కకు బూజు పడుతుంది. అందుకే 0.2 మిల్లీమీటర్ల పాలిథిన్ పట్టాను గోడలకు, కప్పుకు ఉన్ని లోపలి వైపున, అంటే మీరు ఉండే వెచ్చని వైపున, పరచాలి. అతుకుల దగ్గర కనీసం 15 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేసి, తగిన టేపుతో అంటించాలి. వైరు, గొట్టం దూరిన ప్రతి రంధ్రం చుట్టూ కూడా టేపు వేయాలి. బయటి వైపున దీనికి విరుద్ధంగా, గాలిని ఆపుతూనే ఆవిరిని వదిలే పొర మాత్రమే ఉండాలి. ఆ వైపు కూడా పాలిథిన్ చుడితే లోపలికి చేరిన కొద్ది తడీ బయటపడే దారి లేక మగ్గిపోతుంది. ప్లైవుడ్‌ను మూలల్లోనే బిగించి, మిగతా గోడను ఈ పొరతో కప్పమనడానికి కారణం అదే.

నేను మొదటిసారి ఇలాంటి గది కట్టుకున్నప్పుడు, చలి బయటి నుంచి వస్తుంది కాబట్టి పట్టా బయటే ఉండాలని అనుకొని అలాగే బిగించాను. చలికాలం చివర్లో ఒక బోర్డు విప్పితే ఉన్ని పిండితే నీళ్లు కారేలా ఉంది, అడుగు చెక్క మీద నల్లటి బూజు అరచేతి వెడల్పున పాకింది. ఆ గోడ మొత్తం విప్పి మళ్లీ కట్టవలసి వచ్చింది. థర్మోకోల్ పలకలను నేరుగా ఇటుక గోడకు, రేకుకు అంటించవద్దనడానికి కూడా ఇదే కారణం. పలక వెనక మిగిలిపోయే సన్నని ఖాళీలోకి గది గాలి చేరి, కనిపించని చోట తడి పేరుకుంటుంది.

రేకుల కప్పు గురించి ఇంకొక మాట. నిర్మలమైన రాత్రులలో ఇనుప రేకు ఆకాశంలోకి వేడిని వెదజల్లి చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. అందువల్ల వాన లేకపోయినా దాని అడుగున మంచు పట్టి, తెల్లవారాక బొట్లు బొట్లుగా రాలుతుంది. ఆ నీరు గది కప్పు మీది ఉన్నిలోకి దిగకుండా, పైన ఒక అడుగు ఎత్తున వాలుగా టార్పాలిన్ కట్టి, నీరు పక్కకు జారేలా చేయండి. టార్పాలిన్ ఉన్నికి తగలకూడదు. మధ్యలో గాలి ఆడాలి.

కట్టెల పొయ్యి విషయంలో మీకు నిరాశ కలిగించక తప్పదు. ఈ గదికి అది వద్దు. చిన్న పొయ్యి కూడా సాధారణంగా 4, 5 కిలోవాట్ల వేడి ఇస్తుంది, మీకు కావలసింది 1 కిలోవాట్ లోపే. గది ఉడికిపోతుందని గాలి తగ్గించి మందంగా మండిస్తే, పొగగొట్టంలో తారు పేరుకుంటుంది, ఒకనాడు అదే అంటుకుంటుంది. రక్షణ పలకలు లేని పొయ్యికి, కాలే గుణమున్న గోడకు మధ్య సుమారు 90 సెంటీమీటర్ల దూరం ఉండాలన్నది అందరూ పాటించే జాగ్రత్త. 2.4 మీటర్ల వెడల్పు గదిలో ఆ దూరం వదిలితే మంచానికి చోటుండదు. విద్యుత్తు నమ్మదగ్గట్టు లేకపోతే, మంటకు కావలసిన గాలిని బయటి నుంచే పీల్చుకొని పొగను బయటికే వదిలే మూసిన రకం హీటర్‌ను, అమర్చడం తెలిసినవారి చేత పెట్టించుకోండి. ఆ బయట అంటే షెడ్డు బయట.

కుంపటిని, బొగ్గుల పొయ్యిని, పొగగొట్టం లేని గ్యాస్ హీటర్‌ను మాత్రం ఏ పరిస్థితిలోనూ గదిలోకి తీసుకురావద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవారికి లేచే అవకాశమే ఇవ్వదు. షెడ్డులో గది అన్నప్పుడు ఈ ప్రమాదం ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే మీ చుట్టూ ఉన్నది ఆరుబయటి గాలి కాదు, ఇంకొక మూసిన కట్టడంలోని గాలి. షెడ్డులో జనరేటర్ నడిపినా, బండి స్టార్టు చేసి వదిలినా ఆ వాయువు మీ గదిలోకి వస్తుంది. పైగా ఒక కిలో వంట గ్యాస్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. పొగగొట్టం లేని హీటర్ ఆ నీటినంతా మీ గోడల మీదికే చేరుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం ఒకటి గదిలో తప్పనిసరిగా పెట్టండి. వంటను ఈ చలికాలానికి షెడ్డులో, బయటి తలుపు పక్కన, గాలి ఆడే చోట చేసుకోండి.

ఇంత బిగుతుగా కట్టిన గదికి గాలి మనమే అందించాలి. మనిషికి గంటకు సుమారు 25 ఘనపు మీటర్ల తాజా గాలి కావాలి. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టాలు రెండు పెట్టండి. ఒకటి నేలకు దగ్గరగా గాలి తెచ్చేది, రెండోది ఎదుటి గోడలో కప్పుకు దగ్గరగా గాలి వదిలేది, దానిలో చిన్న ఫ్యాను. రెండింటినీ షెడ్డు గోడ దాటి బయటి దాకా తీసుకెళ్లండి. చలి ఎక్కువైన రాత్రి గొట్టానికి గుడ్డ కుక్కాలనిపిస్తుంది. ముందు లెక్కలో చెప్పిన 330 వాట్లు ఈ తాజా గాలి ఖరీదే. దానిలో పొదుపు చేయవద్దు.

అగ్ని ప్రమాదం గురించి ఆలోచించేటప్పుడు గదిలో నుంచి బయటపడటం సగం దారి మాత్రమేనని గుర్తుంచుకోవాలి. గది తలుపు దాటితే మీరు ఇంకా షెడ్డులోనే ఉంటారు, మంట ఉన్నది కూడా అక్కడే కావచ్చు. కనుక గది తలుపును షెడ్డు ప్రధాన ద్వారం వైపు, కనీసం 45 సెంటీమీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల ఎత్తు తెరుచుకునే కిటికీని ఎదుటి వైపు పెట్టి, ఆ కిటికీకి దగ్గరలో షెడ్డుకు రెండో ద్వారం ఉండేలా చూడండి. లేకపోతే మొదటి రెండు వారాల్లోనే ఒకటి కొట్టించండి. ఈ తలుపులూ కిటికీ అన్నీ లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. పొగ అలారాలు గదిలో ఒకటి, షెడ్డు కప్పు కింద ఒకటి ఉండాలి, ఒకటి మోగితే రెండోదీ మోగే రకమైతే ఇంకా మేలు. పెట్రోలు, పెయింటు, థిన్నరు షెడ్డులో ఉంచవద్దు. గది లోపలి గోడలకు, కప్పుకు పాలిథిన్ మీద 12.5 మిల్లీమీటర్ల జిప్సమ్ బోర్డు బిగించండి. మంట చట్రాన్ని చేరేలోపు అది మీకు కొన్ని విలువైన నిమిషాలు ఇస్తుంది. మీరు అనుకున్నట్టు థర్మోకోల్‌ను పైన ఏ బోర్డూ లేకుండా గోడలకు వదిలేసి ఉంటే, అది దట్టమైన విషపు పొగతో వేగంగా మండేది.

విద్యుత్ లైను ఎలక్ట్రీషియన్ పనే. గదికి ప్రత్యేకంగా ఒక లైను, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోయే లీకేజీ బ్రేకరు అడగండి. హీటర్‌ను ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించవద్దు. నీటి గొట్టాలు ఈ చలికాలానికి వద్దు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, వేడి లేని షెడ్డులో గొట్టం పగలడానికి ఒక్క రాత్రి చాలు. మూత ఉన్న డబ్బాలలో నీళ్లు గదిలో పెట్టుకోండి. యజమాని నుంచి రాతపూర్వకమైన అనుమతి, షెడ్డును నివాసంగా వాడుకోవడానికి స్థానిక సంస్థ అనుమతి, బీమా ఈ మూడింటినీ చెక్కలు కొనకముందే తేల్చుకోండి.

వారాల లెక్క ఇలా వేసుకుంటే మీకు ఊపిరాడుతుంది. రెండు వారాలు షెడ్డుకు, మూడో వారం నేలకు, నాలుగో వారం చట్రానికి, అయిదో వారం తలుపు, కిటికీ, వైర్లు, గాలి గొట్టాలకు, ఆరో వారం ఉన్నికి, పాలిథిన్‌కు, ఏడో వారం బోర్డులకు. ఎనిమిదో వారం దేనికీ కేటాయించకండి, ముందు పనుల్లో ఏదో ఒకటి దాన్ని తినేస్తుంది. ఆరో వారం పనిలో తొందరపడవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. బోర్డులు బిగించకముందే, గాలి బాగా వీచే రోజున ఫ్యాను వేసి, తలుపు మూసి, ప్రతి అతుకు వెంట తడి చేతి వెనుక భాగాన్ని నెమ్మదిగా జరుపుతూ పోండి. చల్లగా తగిలిన చోటల్లా టేపు వేయాలి. బోర్డు వేశాక ఆ సందు దొరకదు.

సామాను చేర్చకముందు ఒక రాత్రి హీటర్ వేసి, గదిలో ఒకటి, షెడ్డులో ఒకటి ఉష్ణమాపకాలు పెట్టి, తెల్లవారుజామున రెండూ చూసి రాసుకోండి. 1,000 వాట్లతో 20 డిగ్రీల తేడా నిలబడితే గది బాగా కుదిరినట్టే. నిలబడకపోతే ముందుగా తలుపు చుట్టూ, ఆ తరువాత నేలా గోడా కలిసే అంచు వెంట వెతకండి. కాపురం మొదలయ్యాక మొదటి వారమంతా ఉదయం లేవగానే కిటికీ అద్దం కింది అంచు చూడండి. సన్నని మసక ఉంటే పరవాలేదు, నీరు జారి చెక్క మీద నిలుస్తుంటే మాత్రం ఆ రాత్రి నుంచే ఫ్యాను వేగం ఒక మెట్టు పెంచండి.